ఆ బాల్కనీల్లో ఎవరికీ తెలియదా?

అర్జెంటీనా వెళ్తున్నామనగానే చుట్టాలంతా మెస్సీ, స్టేడియం అని మొదలుపెట్టారు. నా మనసులో మాత్రం ఒక పాత సినిమా ఉంది. లూయిస్ ప్వెన్సో తీసిన 'లా ఇస్తోరియా ఒఫిసియాల్', 1985లో వచ్చింది, విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ కూడా తెచ్చుకుంది. సైనిక పాలన చివరి ఏడు 1983లో జరిగే కథ. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే అలీసియాకి, తాము పెంచుకుంటున్న పాప అసలు ఎవరి బిడ్డ అన్న అనుమానం మొదలవుతుంది. మొగుడికేమో పాలకులతో రాకపోకలు. మా ఆయన ఆ సినిమా చూసి కొట్టిపారేశారు. "ఊళ్ళో వేలమంది మాయమవుతుంటే టీచరమ్మకి తెలియకపోవడమేంటి? నువ్వు నమ్ముతున్నావా?"

సరే, ఆ కథ జరిగిన బ్యూనస్ ఐరిస్‌కే వచ్చాం కదా అని ఎస్మాకి బయల్దేరదీశాను. నేవీ మెకానికల్ స్కూలు అది. 1976 మార్చి 24న సైన్యం గద్దెనెక్కాక దాన్నే రహస్య జైలు చేసుకున్నారు. దగ్గర దగ్గర ఐదు వేలమందిని అక్కడికి లాక్కొచ్చారు, బతికి బయటపడింది కొద్దిమందే.

బ్యూనస్ ఐరిస్ బస్సుల గురించి ఒక మాట. మేం వెళ్ళినప్పుడు చిల్లర ఇస్తే తీసుకోలేదు, సూబే అనే ప్రయాణ కార్డు కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ కార్డు కోసం కియోస్కుల చుట్టూ తిరిగీ తిరిగీ మా ఆయనకి నీరసం వచ్చింది. మధ్యలో తాగిన కాఫీ ధర విన్నాక ఇంకా నీరసం. లైన్ డీ మెట్రో చివరిదాకా పోయి, అక్కడ బస్సెక్కాం.

అప్పుడు కిటికీలోంచి చూశాను. జైలంటే ఊరి చివర, ముళ్ళకంచెల మధ్య ఉంటుందనుకుంటాం. ఇది లిబెర్తాదోర్ అవెన్యూ! ఖరీదైన అపార్ట్‌మెంట్లు, పూలకుండీల బాల్కనీలు, కుక్కల్ని తిప్పుతున్న కుర్రాళ్ళు. వాటి మధ్యే నాలుగు తెల్ల స్తంభాల భవనం. బస్టాపు దాదాపు గేటు ముందే. 1978 వరల్డ్ కప్ ఫైనల్ ఆడిన మోన్యుమెంటల్ స్టేడియం ఇక్కణ్ణించి నడిచి వెళ్ళే దూరమే. గోల్ పడినప్పుడల్లా ఆ కేకలు లోపల గొలుసులతో ఉన్నవాళ్ళకి వినపడేవని బతికొచ్చినవాళ్ళు చెప్పారు.

ఖైదీల్ని ఉంచింది ఆఫీసర్ల క్వార్టర్స్‌లోనే. కింది అంతస్తుల్లో ఆఫీసర్లు పడుకునేవారు, అటకమీద తలకి ముసుగులేసి మనుషుల్ని పడేసేవారు. గర్భిణులకి అక్కడే పురుడు పోసి, బిడ్డల్ని వేరేవాళ్ళకి పంచేశారు. సినిమాలో పాప కథ అదే. ఇలా దేశమంతటా దాదాపు 500 మంది పిల్లల్ని ఎత్తుకుపోయారని ఆ పిల్లల అమ్మమ్మలు, నానమ్మల సంఘం అంచనా. రక్తపరీక్షలతో ఇప్పటిదాకా 130 మందికి పైగా దొరికారు. ఆ క్వార్టర్సే ఇప్పుడు మ్యూజియం. గోడలు కోర్టు సాక్ష్యం కాబట్టి వాటికి మేకు కూడా కొట్టలేదు, బోర్డులన్నీ విడిగా నిలబెట్టారు. గదులు ఖాళీ. మా ఆయన మాట్లాడలేదు.

తిరుగు బస్సులో పక్కసీటు పెద్దాయన ఏ దేశమని అడిగాడు. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి మాట్లాడుకున్నాం. కుర్రతనం నుంచీ ఇక్కడే ఉన్నాడట. "మాకది నేవీ స్కూలు, అంతే" అన్నాడు. కాసేపాగి, రాత్రిపూట కార్లొచ్చేవి అన్నాడు. ఏం కార్లని అడిగితే, "నంబరు లేని కార్లు" అని కిటికీ వైపు తిరిగి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు. అది అతని స్టాపో కాదో!

గురువారం మధ్యాహ్నం మూడున్నరకి ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా దె మాయో మైదానానికి పోయాం. మాయమైపోయినవాళ్ళ తల్లులు 1977 నుంచీ ఇక్కడే నడుస్తున్నారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అని పోలీసులు గదమాయిస్తే, సరేనని జంటలుగా మైదానం మధ్యనున్న స్తంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టారట. తలకి కట్టే తెల్లగుడ్డలు మొదట్లో పసిపిల్లల పొత్తిగుడ్డలే. ఇప్పుడు మిగిలిన తల్లులు చాలా తక్కువ, తొంభై దాటినవాళ్ళు. మొదలుపెట్టిన అసుసేనా వియ్యాఫ్లోర్‌ని 1977 డిసెంబరులోనే ఎత్తుకుపోయారు. 2005లో ఆమె అస్థికలు ఆ స్తంభం దగ్గరే పాతిపెట్టారు.

రాత్రి మొక్కజొన్న కూరిన, కజ్జికాయల్లాంటి ఎంపనాడాలు తింటూ మళ్ళీ వాదన. మాంసంలేని తిండి దొరకడమే గొప్ప, దానికీ ఆ రేటా అని విసుక్కుంటూనే, "చూశావా, నేను చెప్పలా?" అన్నారాయన. ఈసారి నేనూ ఆయన పక్షమే. సినిమా అలీసియాని కాస్త జాలిగా చూసింది. ఆ బాల్కనీలకి అంత జాలి అక్కర్లేదు. అయినా అలీసియాగా వేసిన నార్మా అలెయాంద్రో నటన గురించి నోరెత్తితే మాత్రం ఊరుకోనని ముందే చెప్పాను. ఆవిడ స్వయంగా దేశం వదిలి పారిపోవాల్సి వచ్చిన మనిషి.