కార్డు వెనక వైపు

మా వాడికి తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ అనే మెదడు సమస్య వల్ల నోటి కండరాలు వాడి మాట వినవు. చెప్పాల్సినవి మాత్రం వాడి దగ్గర బోలెడు. ఎదురుగా ఉన్న తెర మీద బొమ్మనో పదాన్నో కాసేపు తేరిపార చూస్తే, యంత్రం వాడి బదులు మాట్లాడుతుంది. శుభ్రమైన ఇంగ్లీషులో, మేముంటున్న ఈ బ్రిటన్ యాసలో. తెనాలిలో ఉన్న మా అమ్మకు అది ఒక్క ముక్క అర్థం కాదు. వీడియో కాల్‌లో వాడు ఏదో అంటాడు. "ఏమంటున్నాడే?" అని ఆవిడ నన్ను అడుగుతుంది. అమ్మమ్మకూ మనవడికీ నడుమ నేను దుభాషిని.

వాడికి మూడేళ్లప్పుడు ఒక స్పీచ్ థెరపిస్టు, అసలే కష్టపడుతున్న పిల్లవాడికి రెండు భాషలు ఎందుకు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అని సలహా ఇచ్చింది. మేమిద్దరం తలాడించి, ఆ రాత్రి నుంచే వాడితో తెలుగు మానేశాం. ఈ దేశంలో ఆ వృత్తివారి సంఘం చెప్పేది దానికి సరిగ్గా వ్యతిరేకమని, ఇంటి భాషను వదలవద్దనే అంటుందని నాకు తెలిసేసరికి నాలుగేళ్లు గడిచిపోయాయి.

ఈ కథ అంతా ఎందుకంటే, రెండేళ్ల కిందట వాడి బడి సంచిలో ఒక కాగితం వచ్చింది. వైకల్యమున్న పిల్లల గురించి రాబోయే రోజుల్లో ఏయే విషయాల మీద పరిశోధన జరగాలో తల్లిదండ్రులూ, పిల్లలూ, వైద్యం చేసేవాళ్లూ చెప్పండి, మీ ప్రశ్నలు పంపండి అని. ప్రజాభిప్రాయ సేకరణ అనగానే నాకు మన వైపు ఫ్యాక్టరీ పెట్టేముందు వేసే షామియానా, మైకు, ముందు వరసలో కూర్చున్న అధికారులు, అంతకుముందే అయిపోయిన నిర్ణయం గుర్తొస్తాయి. కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోయాను.

గడువు ముగిసే ముందు రోజు రాత్రి తీసి చదివాను. దీని వెనక ఉన్న సంస్థ పేరు జేమ్స్ లిండ్ అలయన్స్. లిండ్ అనే నౌకాదళ వైద్యుడు 1747లో ఓడ మీద స్కర్వీతో, అంటే సి విటమిన్ లోపంతో వచ్చే జబ్బుతో, బాధపడుతున్న పన్నెండు మందిని జంటలుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే తొందరగా తేరుకున్నారు. ఆయన పేరు పెట్టుకుని 2004లో ఈ సంస్థ మొదలైంది. కారణం కూడా రాశారు: 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం మోకీళ్ల అరుగుదల మీద జరిగిన ప్రయోగాల్లో నూటికి ఎనభైకి పైగా మందుల గురించే. రోగుల్లో మందుల మీద ఇంకా పరిశోధన కావాలన్నవాళ్లు నూటికి తొమ్మిది మంది. మా నాన్న మోకాళ్లు, ఆయన అలమర నిండా ఉన్న మాత్రల పట్టీలు కళ్ల ముందు కదిలాయి. లేచి కంప్యూటర్ తెరిచాను.

మూడు ప్రశ్నలు రాశాను. ఒకటి, కాళ్లు వంకరపోకుండా రాత్రుళ్లు కట్టే పట్టీల వల్ల నిజంగా మేలు ఉందా, లేక నిద్ర పాడవడమేనా? రెండు, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లవాడికి మాట్లాడే యంత్రాన్ని ఏ భాషలో నేర్పాలి? మూడు, బడికి తీసుకెళ్లే ట్యాక్సీ రోజూ ఎందుకు ఆలస్యంగా వస్తుంది? మా ఆయన భుజం మీద నుంచి చూసి, "మూడోది పరిశోధనా, ఫిర్యాదా?" అన్నారు. అయినా పంపాను. ఎవరో ఒకరు చదవనీ.

తర్వాత ఎనిమిది నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఆ ఎనిమిది నెలల్లో జరిగే పని మనకు కనిపించదు. వచ్చిన ప్రశ్నలన్నీ చదివి, ఒకే రకం వాటిని ఒక చోట కలిపి, ఒక్కొక్క గుంపుకూ ఒక ప్రశ్న తయారుచేస్తారు. దానికి ఇప్పటికే నమ్మదగిన జవాబు ఉందేమో పాత పరిశోధనల్లో వెతుకుతారు. ఉంటే పక్కన పెడతారు. పరిశోధనతో తేలనివి కూడా తీసేస్తారు. నా ట్యాక్సీ అక్కడే దిగిపోయింది.

రెండో సర్వే వచ్చింది. యాభైకి పైగా ప్రశ్నలు, వాటిలో మీకు ముఖ్యమైన పది ఎంచుకోండి అని. కాళ్ల పట్టీల ప్రశ్న ఉంది, గౌరవంగా దుస్తులు మార్చుకుని. రెండోది ఎక్కడా లేదు. పైనుంచి కిందికి మూడుసార్లు చదివాను. చివరికి అర్థమైంది, "మాట్లాడలేని పిల్లలకు తగిన సంభాషణ పద్ధతిని ఎలా ఎంచుకోవాలి?" అనే ప్రశ్నలో అది కలిసిపోయిందని. చక్కెర పాలలో కలిసినట్టు కలిసిపోతే బాగుండేది. కానీ తియ్యదనం కూడా మిగలలేదు. భాష అన్న మాటే అందులో లేదు.

నాకు కోపం వచ్చింది. ఈ దేశంలోనే 2014లో పిల్లల నాడీ సంబంధ వైకల్యాల మీద ఇదే పద్ధతిలో పది ప్రశ్నల జాబితా తయారైంది. అందులో కూడా రెండో స్థానంలో సంభాషణ గురించిన ప్రశ్నే ఉంది. అక్కడా భాష ఊసు లేదు. ఆ కోపంలోనే, చివరి సమావేశానికి రావడానికి ఆసక్తి ఉందా అన్న చోట టిక్కు పెట్టాను.

పిలిచారు. ఇరవై ఐదు ప్రశ్నలు ముందుగా పంపి, మీకు అన్నిటికన్నా ముఖ్యమైనవి మూడు, తక్కువ ముఖ్యమైనవి మూడు రాసుకుని రండి అన్నారు. మొదటి మూడు రాయడానికి ఐదు నిమిషాలు పట్టింది. చివరి మూడు రాయడానికి వారం పట్టింది. ఏది రాయబోయినా అది ఎవరో ఒక తల్లి అర్ధరాత్రి కూర్చుని రాసిన ప్రశ్న.

ఆ రోజు మూడు బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఎనిమిది మందిమి, తల్లిదండ్రులూ, వైకల్యంతో పెరిగి పెద్దయినవాళ్లూ, వైద్యులూ, థెరపిస్టులూ కలిసి. కేవలం పరిశోధన చేసేవాళ్లు గోడ పక్కన కూర్చుని వినవచ్చు, ఓటు లేదు. ఈ నియమం నాకు భలే నచ్చింది. ఇరవై ఐదు కార్డులు బల్ల మీద పరిచి, వరసలో పేర్చమన్నారు. కార్డు ముందు వైపు ప్రశ్న. వెనక వైపు, ఆ ప్రశ్నలో కలిసిన అసలు మాటలు కొన్ని. సంభాషణ కార్డు తిప్పి చూస్తే మూడో వాక్యం నాది. నేను రాసిన మాటలే, ఒక అక్షరం మారలేదు. పెళ్లి ఫొటోలో చివరి వరసలో తలల మధ్య నుంచి తొంగిచూస్తున్న మనిషిలా ఉంది.

నా వంతు రాగానే కార్డు తిప్పి వెనక వైపు చదివాను. అమ్మ గురించి చెప్పాను. వేల్స్ నుంచి వచ్చిన ఒక ఫిజియోథెరపిస్టు వెంటనే అందుకుని, ఇంట్లో వెల్ష్ మాట్లాడే పిల్లల విషయంలో తానూ ఇదే చూస్తున్నానంది. రెండు నిమిషాల్లో మా కార్డు రెండో స్థానానికి ఎగబాకింది. నాలో నేను మురిసిపోయాను.

అప్పుడు నా ఎదురుగా ఉన్నాయన మొదలుపెట్టారు. యాభై దాటి ఉంటాయి. ఆయనదీ సెరిబ్రల్ పాల్సీయే. అక్షరాల పలక మీద వేలితో ఒక్కొక్కటే చూపిస్తే పక్కన కూర్చున్న సహాయకురాలు చదువుతోంది. ఒక్క వాక్యానికి నాలుగు నిమిషాలు. సమావేశం నడిపించే ఆవిడ గడియారం వైపు చూడలేదు, ఎవరినీ మధ్యలో మాట్లాడనివ్వలేదు. ఆయన అన్నది ఇంతే: "ఏడేళ్లప్పుడు నా తుంటి ఏడాది పాటు నొప్పి పెట్టింది. మొండివాడినని అనుకున్నారు." మాట్లాడలేని పిల్లల్లో నొప్పిని ఎలా గుర్తించాలి అన్న కార్డు అప్పటికి పదకొండో స్థానంలో ఉంది.

మా వాడు పోయిన చలికాలంలో రెండు వారాలు అన్నం ముట్టలేదు. పేచీ అనుకున్నాను. చివరికి అది పన్ను.

సంభాషణ కార్డును నా చేత్తోనే కిందికి జరిపి, నొప్పి కార్డును పైకి తోశాను.

మధ్యాహ్నం భోజనాల సమయంలో మూడు బల్లల వరసలూ కలిపి లెక్కవేశారు. తర్వాత మమ్మల్ని వేరే వేరే బల్లలకు మార్చి మళ్లీ అదే పని. సాయంత్రానికి నొప్పి మొదటి స్థానం, సంభాషణ నాలుగు. తోబుట్టువుల గురించిన కార్డు పద్నాలుగుకు పడిపోయింది. దాని కోసం పొద్దుటి నుంచి వాదించిన తల్లి కోటు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

చివర్లో నేను చెయ్యెత్తి, స్థానం ఎంతైనా ఫరవాలేదు, భాష అన్న మాట ముందు వైపుకు రావాలి అన్నాను. అక్కడికక్కడ ప్రశ్నలు తిరగరాయడం కుదరదని, ఎవరికీ అభ్యంతరం లేకపోతే రాసుకుని నిర్వాహక బృందానికి పంపుతామని చెప్పారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆయన పలక మీద ఏదో చూపించారు. "తప్పక" అని చదివింది సహాయకురాలు.

వెళ్లేముందు ఇచ్చిన అభిప్రాయ పత్రంలో మర్యాదగా మొదలుపెట్టి ఘాటుగానే ముగించాను. సర్వే ఇంగ్లీషులో మాత్రమే ఉంటే, భాష గురించి అడగాల్సినవాళ్లు అడగనే లేరు. ఆ గదిలో దుభాషి అవసరమైన మనిషి ఒక్కరూ లేరు. లేకపోవడానికి కారణం వాళ్లకు ప్రశ్నలు లేక కాదు.

ఏడు వారాలకు జాబితా వచ్చింది. నాలుగో ప్రశ్న చివర "ఇంట్లో మాట్లాడే భాషతో సహా" అన్న మాటలు చేరాయి. జాబితాతో పాటు డబ్బు రాదు. పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఈ ప్రశ్నల్ని పరిశీలిస్తుంది, ఎవరైనా పరిశోధకులు దరఖాస్తు చేసుకోవాలి, నెగ్గాలి, అప్పుడు పని మొదలవ్వాలి. వచ్చే సమాధానం మా వాడి చిన్నతనానికి అందదు. ఇది నాకు మొదటి రోజే తెలిసి ఉంటే ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉండేదేమో.

ఈలోగా యంత్రంలో పదాలను మన గొంతుతో రికార్డు చేసుకునే వీలుందని ఆ వేల్స్ అమ్మాయి చెప్పింది. తెనాలిలో మా అన్నయ్య కొడుకు, మా వాడి కన్నా ఏడాది పెద్ద, అరవై మాటలు పలికి పంపాడు. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ కొత్తావకాయ జాడీ తెచ్చి తెర ముందు పెట్టి, "నీకు పంపించనా నాన్నా?" అంది. వాడు తెర మీద చాలాసేపు వెతికాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

"వద్దు," అంది యంత్రం, మా మేనల్లుడి గొంతుతో.

"ఎందుకురా, కారమా?" అంది అమ్మ, నా వైపు చూడకుండా.