విల్ చుట్టూ యాడ్వర్బ్: నా ఇంగ్లిష్ నోట్‌బుక్ ఎంతవరకు వచ్చింది

రాత్రిళ్లు మర్నాటి పనుల గురించి నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు రాసుకోవడం నాకిష్టమైన వ్యాపకం. అన్నీ భవిష్యత్తు వాక్యాలే కాబట్టి ఈ విడత ఒక్క విషయమే పట్టుకున్నాను: ప్రాబబ్లీ, డెఫినెట్లీ, ఆల్వేస్, స్టిల్ లాంటి యాడ్వర్బ్‌లు, అంటే క్రియా విశేషణాలు, విల్‌కి ముందు రావాలా, తర్వాత రావాలా?

పేజీని నిలువుగా మూడు భాగాలు చేశాను. ఎడమవైపు అవునని చెప్పే వాక్యం, మధ్యలో కాదని చెప్పే వాక్యం, కుడివైపు పొట్టి జవాబు. ఒకే యాడ్వర్బ్‌ని మూడింటిలోనూ రాసి కింద ఎర్ర గీత గీస్తాను. మొదటి వరస ఇలా వచ్చింది: "షి విల్ ప్రాబబ్లీ కమ్", "షి ప్రాబబ్లీ వోంట్ కమ్", "షి ప్రాబబ్లీ విల్". ఎర్ర గీతలు ఒకదాని కింద ఒకటి పడవు, పక్కకి జరుగుతాయి. పూర్తి వాక్యంలో విల్ ఉంటే దాని తర్వాత, వోంట్ (విల్ నాట్‌కి పొట్టి రూపం) ఉంటే దాని ముందు. వోంట్‌ని విడదీసి రాస్తే "షి విల్ ప్రాబబ్లీ నాట్ కమ్" కూడా సరైనదే, కాకపోతే మాట్లాడేటప్పుడు వోంట్ వాక్యమే ఎక్కువ వినిపిస్తుంది.

మూడో గడి నాకు అన్నిటికన్నా నచ్చింది. పొట్టి జవాబులో అసలు క్రియ ఉండదు, బరువంతా విల్ మీద పడుతుంది, అందుకే యాడ్వర్బ్ దాని ముందుకు వచ్చేస్తుంది. ఇక్కడ విల్‌ని కుదించడం కూడా కుదరదు. "షిల్ ప్రాబబ్లీ కమ్" అనొచ్చు గానీ జవాబు చివర విల్‌ని పూర్తిగా పలకాల్సిందే. ఇది కంటితో చదివితే ఒంటబట్టదు. ఫోన్‌లో నా గొంతు రికార్డు చేసుకుని, ప్రశ్న అడిగి కాస్త ఆగి జవాబు చెప్పడం సాధన చేశాక నోరు దానంతటదే తిరుగుతోంది.

గోయింగ్ టు వాక్యాలకు వేరే పేజీ పెట్టాను. అక్కడ విల్‌లా అసలు క్రియకు తోడుగా వచ్చే మాట (హెల్పింగ్ వెర్బ్) ఈజ్ కాబట్టి "షి ఈజ్ ప్రాబబ్లీ గోయింగ్ టు కమ్". సూత్రం అదే, పెద్దగా రాయడానికేమీ లేదు.

ఎక్కువ పేజీలు పట్టింది కాదనే వాక్యాలకే. అక్కడ యాడ్వర్బ్ జరిగితే అర్థమే మారిపోతుంది. "హి డెఫినెట్లీ వోంట్ కమ్" అంటే అతను రాడు, అది ఖాయం. "హి వోంట్ డెఫినెట్లీ కమ్" అరుదుగా వినిపిస్తుంది, దానర్థం వస్తాడని ఖాయంగా చెప్పలేమని. మొదటిదాంట్లో రాకపోవడం మీద నమ్మకం ఉంది, రెండోదాంట్లో నమ్మకమే లేదు. నెసెసరిలీ అయితే నాట్ వెనకే ఉండాలి: "ఇట్ వోంట్ నెసెసరిలీ రెయిన్", అంటే వాన పడి తీరాలని లేదు. అలాగే "ఐ వోంట్ ఆల్వేస్ బి హియర్" అన్నవాడు ఎల్లకాలం ఇక్కడే ఉండనంటున్నాడు. "ఐ విల్ నెవర్ బి హియర్" అన్నవాడు అసలే ఉండనంటున్నాడు. ఇలాంటి జంటల్ని పక్కపక్కన రాసుకుని, ఒక్కోదాని కింద తెలుగులో ఎవరు ఏ సందర్భంలో అంటారో ఒక లైను రాస్తున్నాను. వ్యాకరణ పుస్తకంలో సూత్రం చదవడం కన్నా నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది.

స్టిల్ కూడా వోంట్‌కి ముందే: "ఐ స్టిల్ వోంట్ అగ్రీ". అవునని చెప్పేటప్పుడు "ఐ విల్ స్టిల్ బి వర్కింగ్".

కాలం చెప్పే మాటలతో ఇబ్బంది తక్కువ. టుమారో మొదట్లోనో చివరలోనో ఉంటే చాలు, విల్‌కీ క్రియకీ మధ్య దూర్చకూడదు. సూన్ మాత్రం మొదట, మధ్యలో, చివర, మూడుచోట్లా ఒదుగుతుంది. క్విక్లీ లాంటివి క్రియకీ దాని కర్మకీ మధ్య పెట్టకూడదు: "ఐ విల్ ఫినిష్ ది లెటర్ క్విక్లీ" అనాలి, లేదా క్విక్లీని ఫినిష్‌కి ముందు పెట్టాలి.

వాక్యాల కోసం ఇంగ్లిష్ వాతావరణ వార్తలు వింటున్నాను. రేపేమవుతుందో చెప్పడమే వాళ్ల పని కాబట్టి ఇలాంటివి కొల్లలుగా దొరుకుతాయి. లైక్లీ విషయం అక్కడే గమనించాను. "ఇట్ విల్ లైక్లీ రెయిన్" అమెరికన్లలో బాగా వాడుక, బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా "ఇట్ ఈజ్ లైక్లీ టు రెయిన్" అంటారు. రెండూ వేర్వేరు రంగుల్లో రాశాను.

ఈమధ్యే పొడుగు వాక్యాలకు వచ్చాను. "ది లెటర్ విల్ ప్రాబబ్లీ హ్యావ్ బీన్ కేర్‌ఫుల్లీ చెక్డ్". మన అంచనా చెప్పే ప్రాబబ్లీ విల్‌ని అంటిపెట్టుకుని ఉంది, పని ఎలా జరిగిందో చెప్పే కేర్‌ఫుల్లీ చెక్డ్ పక్కకు చేరింది. ఈ ఒక్క వాక్యాన్ని చాలాసార్లు పైకి చదివాను, అంత బాగుంది. ఆల్రెడీ ఇంత పట్టింపుగా ఉండదు, "విల్ ఆల్రెడీ హ్యావ్ లెఫ్ట్", "విల్ హ్యావ్ ఆల్రెడీ లెఫ్ట్" రెండూ చెల్లుతాయి.

తర్వాతి పేజీకి ప్రశ్నలు తీసి పెట్టుకున్నాను: "విల్ యూ స్టిల్ బి దేర్?", "విల్ హి ఎవర్ కమ్?". వీటిలో యాడ్వర్బ్ కర్త తర్వాత వస్తోంది. కాదని అడిగే ప్రశ్నల్లో ప్రాబబ్లీ ఇమడదేమో అనిపిస్తోంది, ముందు వాటికి ఉదాహరణలు పోగుచేయాలి.