మిర్యాలగూడ మిల్లులో నలభై నిమిషాలు

నవంబరులో నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయేవాళ్లు ఇంకో గంట ముందే బయల్దేరాలి. తిప్పర్తి దాటింది మొదలు వడ్ల ట్రాక్టర్లే. వేములపల్లి దగ్గర మా బస్సు ముప్పావు గంట కదల్లేదు. దిగాక చాయ్ పదిహేను రూపాయలు, అదీ రెండు గుక్కలు. ఆ చిరాకంతా రైస్ మిల్లులోకి అడుగుపెట్టాక పోయింది.

అక్కడి ఒక ఐటీఐలో ఫిట్టర్ చదివే పిల్లలు వారానికి రెండు రోజులు మిల్లులో పని నేర్చుకుంటారని విని వెళ్లాను. నేను పోయేసరికి వడ్ల పొట్టు ఊడదీసే రబ్బర్ షెల్లర్ ఆపేసి ఉంది. ఒక పిల్లవాడు దాని కింది నుంచి తీసిన గుప్పెడు గింజలు పళ్లెంలో పోసి లెక్కపెడుతున్నాడు. నూరింటికి పదో పదిహేనో పొట్టు ఊడకుండా ఉంటే ఫర్వాలేదు, సెపరేటర్ వాటిని వేరుచేసి మళ్లీ షెల్లర్‌కే పంపుతుంది. ఆ రోజు ముప్పై దాటాయి. రాత్రి డ్యూటీ ఆపరేటర్ షెల్లర్‌లోని రెండు రబ్బరు రోలర్ల మధ్య సందు ఇంకా బిగించాడట. దాంతో నూక పెరిగింది, రబ్బరు కాలిన వాసన మొదలైంది.

అసలు లోపం సందులో లేదు. రెండు రోలర్లలో ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా తిరుగుతాయి. ఆ తేడా వల్లే పొట్టు ఊడుతుంది. వేగంగా తిరిగేది ముందు అరిగి సన్నబడుతుంది, వేగాల తేడా తగ్గిపోతుంది. అప్పుడు ఎంత బిగించినా గింజ నలుగుతుందే తప్ప పొట్టు ఊడదు. రెండింటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్చాలి. బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, లేకపోతే రోలర్ వంకరగా కూర్చుని అదురుతుంది.

మార్చేముందు ఆ పిల్లవాడు రోలర్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి, వెనక నుంచి సెల్‌ఫోన్ లైటు వేశాడు. నడుమ సన్నగా వెలుగు కనిపించింది.

"సార్, నడుమ గుంట పడ్డది. వడ్లు ఒక్కకాడనే పడుతున్నయ్."

వడ్లు రోలర్ల మీదికి జారే ఫీడ్ పలక మీద గోనె పీచు అడ్డుపడి ఉంది. మేస్త్రీ దాన్ని లాగేసి, "మంచిగ చూసినవ్ బిడ్డా" అన్నాడు. మొత్తం నలభై నిమిషాలు. ప్రభుత్వం ఇచ్చిన క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పజెప్పాల్సిన మిల్లుకు, పైగా నూకకూ హద్దున్నప్పుడు, ఆ పీచు చిన్న విషయం కాదు.

నాకు నచ్చనిది ఒక్కటే. సీజన్లో లారీలు బయట నిలబడి ఉంటే పిల్లల చేతికి స్పానరు ఇచ్చేవాళ్లు తక్కువ. బేరింగులు, ఎలివేటరు బకెట్లు, బెల్టులు అన్నీ విప్పేది మిల్లు ఆగినప్పుడే. శిక్షణను ఆ రోజుల్లోనే ఎక్కువగా పెట్టాలి. రెండేళ్ల కోర్సులో ఆ వెసులుబాటు దొరక్కపోదు.

సాయంత్రం అదే పిల్లలు ఊళ్లోని ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో తూర్పార మిషన్ జల్లెడ సరిచేశారు, తేమ మీటరూ చూశారు. కుప్ప పైన గింజలు ఎప్పుడూ ఆరినట్టే ఉంటాయి. అందుకే అడుగు నుంచి, నాలుగైదు చోట్ల నుంచి తీయాలి. ఎండకు వేడెక్కిన గింజను వెంటనే పెడితే అంకె తప్పుతుంది, నీడలో చల్లారనివ్వాలి. ఒక అవ్వ కుప్పకు మీటరు 19 శాతం తేమ చూపించింది. 17 దాటితే తూకం లేదు.

"అవ్వా, ఇంకో పూట ఆరబెట్టాలె."

ఆమె ఏమీ అనలేదు. కొంగు నడుముకు చెక్కి, కుప్పను పరిచి, కాళ్లతో సాళ్లు తీయడం మొదలుపెట్టింది. మీటరు పెట్టిన పిల్లవాడు చెప్పులు విడిచి రెండో సాలు అందుకున్నాడు.