పది బై పన్నెండు పడకగదికి రంగులు

రంగుల దుకాణంలో షేడ్ కార్డు మీది చిన్న ముక్కను చూసి పడకగది గోడలకు రంగు నిర్ణయించే పద్ధతిని మనం మానుకోవాలని నేను గట్టిగా అనుకుంటాను. ఆ ముక్కను మనం చూసేది దుకాణంలోని ట్యూబులైట్ల కింద, తెల్లటి అట్ట మీద. ఆ రంగు చేరబోయేది మాత్రం ఒకే కిటికీ, నల్లటి నేల ఉండి, పక్కింటి గోడకు నాలుగడుగుల దూరంలో ఉన్న చిన్న గదిలోకి. ఒంగోలులోని మా ఇంట్లో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న పడకగదికి ఈ మధ్య రంగులు వేయించాము. అటువంటి గదులే మన వైపు చాలా ఇళ్ళలో ఉన్నాయి కాబట్టి, ఏ రంగును ఎందుకు ఎంచుకున్నామో, ఏ గోడను ముదురుగా ఉంచాలని ఎలా నిర్ణయించుకున్నామో వివరంగా రాస్తున్నాను.

ముందుగా వెలుతురు సంగతి. మా గదికి ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు ఉంది. ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ నేరుగా లోపలికి రాదు. వచ్చేది ఆకాశం నుంచి వచ్చే వెలుతురు. అది రోజంతా నిలకడగా ఉంటుంది కానీ అందులో కొంత నీలి ఛాయ ఉంటుంది. ఆ వెలుతురులో బూడిద రంగులు, లేత నీలాలు మరింత చల్లగా, కొన్నిసార్లు దిగులుగా కనిపిస్తాయి. దీనికి తోడు మా కిటికీకి ఎదురుగా పక్కవారి గోడ లేత ఆకుపచ్చ రంగులో ఉంది. చలికాలపు మధ్యాహ్నాల్లో దక్షిణం వైపు నుంచి వచ్చే ఎండ ఆ గోడ పై భాగం మీద పడి, అక్కడి నుంచి మా గదిలోకి ఆకుపచ్చ ఛాయను మోసుకొస్తుంది. ఇది మాటల్లో చెబితే నమ్మశక్యంగా ఉండదు. ఒక తెల్ల కాగితాన్ని కిటికీ దగ్గర గోడకు ఆనించి, మరొక తెల్ల కాగితాన్ని ఆరుబయట నీడలో పట్టుకుని ఫోనులో ఒకే అమరికతో రెండు ఫొటోలు తీసి పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. మన పట్టణాల్లో ఇళ్ళు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయో అందరికీ తెలుసు. గదికి రంగు ఎంచుకునేటప్పుడు పక్కింటి గోడ రంగును కూడా లెక్కలోకి తీసుకోవలసిందే.

రెండవది నేల. ఒంగోలుకు ఇరవై కిలోమీటర్ల దూరంలోనే చీమకుర్తి ఉండటం వల్ల ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో బ్లాక్ గెలాక్సీ గ్రానైటు కనిపిస్తుంది. నల్లటి రాయిలో రాగి, బంగారు రంగుల మెరుపులతో అది ఎంతో అందంగా ఉంటుంది, దేశదేశాలకు ఎగుమతి అవుతుంది. అయితే పడకగదిలో దానికొక ప్రభావం ఉంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలావరకు ముందు నేల మీదే పడుతుంది. లేత రంగు టైల్స్ ఉంటే అక్కడి నుంచి పైకి చెదిరి, పైకప్పును, గోడల పై భాగాలను కూడా వెలిగిస్తుంది. నల్లరాయి ఆ వెలుతురులో అధిక భాగాన్ని తనలోనే పీల్చుకుంటుంది. ఒకే కొలతలు, ఒకే కిటికీ ఉన్న రెండు గదుల్లో ఒకదానిలో నల్లరాయి, మరొకదానిలో తెల్ల టైల్స్ ఉంటే రెండింటికీ ఒకే గోడ రంగు సరిపోకపోవడానికి కారణం ఇదే. పాత ఇళ్ళలోని కడప బండల నేలలకు కూడా ఇది వర్తిస్తుంది. అందుకే మా గది పైకప్పుకు ఏ ఛాయా కలపని తెలుపునే వేయించాము.

అయితే గోడలన్నీ కూడా తెల్లగా వేస్తే సరిపోతుంది కదా అని మా అత్తయ్యగారు అడిగారు. చిన్న గదికి తెలుపే మంచిదని అందరూ అంటారు, మన తరాలకు సున్నపు గోడల అలవాటు కూడా ఉంది. కానీ తెలుపు వెలుతురును పుట్టించదు, ఉన్నదాన్ని తిరిగి పంపుతుంది, అంతే. వెలుతురు తక్కువగా ఉన్న గదిలో అచ్చ తెలుపు మూలల్లో బూడిదగా కనిపించి మాసిన భావన కలిగిస్తుంది. సున్నంలో మన పెద్దలు కాస్త నీలిమందు కలిపేవారు. పసుపు ఛాయను అది అణచి గోడను మరింత తెల్లగా చూపేది. ఎండ ధారాళంగా పడే వాకిళ్ళకు, వసారాలకు అది ఎంతో బాగుండేది. ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో మాత్రం నీలి ఛాయకు మరింత నీలి తోడవుతుంది. కొన్ని కంపెనీలు ప్రతి షేడుకూ కాంతి పరావర్తన విలువ, అంటే ఆ రంగు ఎంత వెలుతురును తిరిగి పంపుతుందో చెప్పే సంఖ్య, ఇస్తాయి. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100 అనుకుంటే, మా గదికి 70 ప్రాంతంలో ఉండే, కొద్దిగా గులాబీ ఛాయ కలిసిన మీగడ రంగు తగినదని తేల్చుకున్నాము.

గులాబీ ఛాయ ఎందుకంటే, పక్కింటి గోడ నుంచి వచ్చే ఆకుపచ్చను అది తటస్థం చేస్తుంది. ఇంకొక కారణం కూడా ఉంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్ పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకపు విభాగాన్ని చూసేవాడు. నల్ల దారాలు వెలసినట్టు కనిపిస్తున్నాయన్న ఫిర్యాదును పరిశీలించి, లోపం అద్దకంలో లేదని, పక్కనున్న రంగులే కంటికి అలా చూపిస్తున్నాయని ఆయన గ్రహించి, 1839లో తన పరిశీలనలను ప్రచురించాడు. ఒక రంగు తన పక్కనున్న రంగును తనకు వ్యతిరేకమైన ఛాయ వైపు నెడుతుంది. మేము ఒక గోడకు ఇటుక, కుండ రంగుల కోవలోనిది వేయాలనుకున్నాము. దాని పక్కన మామూలు మీగడ రంగు కొంచెం ఆకుపచ్చ, నీలం కలిసిన ఛాయలో కనిపిస్తుంది. అప్పటికే ఆకుపచ్చ వెలుతురు ఉన్న గదిలో ఈ రెండూ కలిస్తే గోడలు పాలిపోయినట్టు అవుతాయి. పగలూ రాత్రీ గమనిస్తే, గులాబీ ఛాయ ఉన్న మీగడ రంగు ఈ రెండింటినీ తట్టుకుని నిలిచింది.

ఇక ముదురు గోడ సంగతి. దీన్ని మన పెయింటర్లు హైలైట్ గోడ అంటారు. ఒక గోడకు ముదురు రంగు వేయాలని చెప్పగానే మా మేస్త్రీ, "చిన్న రూముకి డార్క్ వేస్తే ఇరుకైపోద్దమ్మా" అన్నాడు. ఆయన మాటలో అనుభవం ఉంది. ఏ గోడకు వేస్తున్నామన్నదాన్ని బట్టి అది నిజమూ కావచ్చు, కాకపోనూవచ్చు. కిటికీ ఉన్న గోడకు ముదురు రంగు ఎన్నడూ వేయకూడదని నా అభిప్రాయం. ఆ గోడ మీద లోపలి వైపు వెలుతురు ఎలాగూ తక్కువగా పడుతుంది. పక్కనే కిటికీ ప్రకాశవంతంగా ఉండటం వల్ల కంటికి అది మరింత చీకటిగా తోస్తుంది. అక్కడ ముదురు రంగు పడితే కిటికీ వైపు చూడటానికే కళ్ళు ఇబ్బంది పడతాయి. అల్మారా ఉన్న గోడకు వేస్తే ముక్కలు ముక్కలుగా కొంత రంగే కనిపిస్తుంది, డబ్బు వృథా. మిగిలింది కిటికీకి ఎదురుగా ఉన్న దక్షిణపు గోడ. గోడలన్నింటిలో కిటికీ వెలుతురు ఎదురుగా తగిలేది దానికే, కనుక ముదురు రంగు కూడా అక్కడ జీవంతో కనిపిస్తుంది. అది పది అడుగుల వెడల్పున్న పొట్టి గోడ కూడా. వెచ్చని ముదురు రంగులు కంటికి దగ్గరకు జరిగినట్టు తోస్తాయి కాబట్టి, పొడవుగా ఉన్న గది కొంచెం చదరంగా కనిపిస్తుంది. పొడుగు గోడకు అదే రంగు వేసి ఉంటే మేస్త్రీ చెప్పిన ఇరుకుదనం తప్పకుండా వచ్చేది.

ఉత్తరం వైపు తల పెట్టి పడుకోకూడదన్న మన ఆచారం వల్ల మంచం తలాపి దక్షిణపు గోడకే వచ్చింది. నాకు ఇందులో నచ్చిన విషయం ఏమిటంటే, పడుకున్నవారికి ముదురు గోడ కనిపించదు. వారి చూపు లేత గోడల మీద, కిటికీ మీద విశ్రమిస్తుంది. తలుపు తీసుకుని లోపలికి వచ్చినవారికి మాత్రం మంచమూ దాని వెనుక గోడా కలిసి గదికి ఒక నిండుదనాన్ని ఇస్తాయి. చీర ఒడలంతా లేతగా ఉండి కొంగు ఒక్కటే ముదురుగా ఉన్నప్పుడు ఆ కొంగుకు వచ్చే అందం ఇదే. నాలుగు గోడలకూ ఒకే గాఢమైన రంగు వేస్తే వెలుతురు ఒక గోడ నుంచి ఇంకొక గోడకు తగిలి తిరిగే కొద్దీ రంగు మరింత చిక్కబడుతుంది. షేడ్ కార్డు మీద మృదువుగా కనిపించిన పసుపు గదంతా వేశాక కళ్ళకు గుచ్చుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు.

బంధువులు కొందరు ముదురు నీలం సూచించారు. ఒంగోలు వేసవికి నీలం చల్లగా ఉంటుందని వారి ఉద్దేశం. ఆ చల్లదనం కంటికి కలిగే భావన మాత్రమే. గది వేడిని నిర్ణయించేవి పైకప్పు మీద పడే ఎండ, పడమటి గోడ, గాలి ఆడటం. మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయిస్తే ఉపయోగం ఉంటుంది కానీ లోపలి గోడకు నీలం వేస్తే వేడి తగ్గదు. నెమలికంఠం రంగు నాకెంతో ఇష్టం. అయినా నల్లటి నేల మీద, ఉత్తరపు వెలుతురులో అది కింద నేలతో కలిసిపోయి గోడ అడుగు ఎక్కడో తెలియకుండా చేస్తుంది. కాల్చిన కుండ రంగు మాత్రం గ్రానైటులోని రాగి మెరుపులతో చక్కగా పొత్తు కుదుర్చుకుంది.

తలాపి గోడకు మరొక అవసరం ఉంది. తలకు కొబ్బరినూనె రాసుకునే ఇళ్ళలో మంచం వెనుక గోడ మీద జిడ్డు మరకలు పడటం సహజం. మెరుపే లేని పూర్తి మ్యాట్ రకం ముదురు రంగును తుడిస్తే తుడిచిన చోట మెరుపు వచ్చి మచ్చలా నిలిచిపోతుంది. ఎక్కువ మెరుపున్న రకం వేస్తే లప్పంలోని ప్రతి ఎగుడుదిగుడూ కిటికీ వెలుతురులో బయటపడుతుంది. కాబట్టి కడగడానికి వీలైన, కొద్దిపాటి మెరుపున్న ఎమల్షన్ (నీళ్ళు కలిపి వేసే గోడ రంగు) ఆ గోడకు తగినది. మిగిలిన మూడు గోడలకు మ్యాట్ చాలు.

పడకగదిలో మనం ఎక్కువగా గడిపేది రాత్రివేళ. మన ఇళ్ళలో సాధారణంగా వాడే కూల్ డేలైట్ ఎల్ఈడీలు 6500 కెల్విన్ల తెల్లటి కాంతినిస్తాయి (కెల్విన్ అన్నది కాంతి ఛాయకు కొలత, సంఖ్య తగ్గే కొద్దీ కాంతి పసుపు వైపు జరుగుతుంది). ఆ కాంతిలో మీగడ రంగులు, కుండ రంగులు వెలవెలబోతాయి. 2700 నుంచి 3000 కెల్విన్ల వార్మ్ వైట్ బల్బు కింద అవే రంగులు నిండుగా ఉంటాయి. అందుకే గోడకు రంగు వేయకముందే బల్బు ఏదో నిర్ణయించుకుని, ఆ బల్బు కింద నమూనా చూడాలి. నమూనాను గోడ మీద నేరుగా పూస్తే పాత రంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది. రెండడుగుల చదరపు అట్టకు రెండు కోటింగులు వేసి, దాని వెనుక పెద్ద తెల్ల చార్టు ఉంచి, ప్రతి గోడ దగ్గరా ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడాలి. ఎమల్షన్లు తడిగా ఉన్నప్పటి కంటే ఆరాక సాధారణంగా కొంచెం ముదురుతాయి కాబట్టి పూర్తిగా ఆరనివ్వాలి.

ఎంత చక్కని రంగైనా చెమ్మ గోడ మీద నిలవదు. మన ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి. సంక్రాంతికి ముందు సున్నాలు వేయించే ఆచారం ఉంది కానీ ఆ సమయానికి బయటి గోడలు ఇంకా లోపల తడిని పట్టుకుని ఉంటాయి. వీలుంటే ఫిబ్రవరి, మార్చి నెలల దాకా ఆగడం మేలు. ఉప్పునీటి బోరుతో కట్టిన ఇళ్ళలో గోడ అడుగున తెల్లటి ఉప్పు పూత పొంగి, రంగు పొక్కులు కట్టి పెచ్చులుగా ఊడుతుంది. ముదురు రంగు మీద ఆ తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మా దక్షిణపు గోడ హాలుకూ గదికీ మధ్య ఉన్న లోపలి గోడ కావడం మాకు కలిసొచ్చింది. కొత్తగా చేసిన సిమెంటు పూతైతే కనీసం 28 రోజులు ఆగాకే ప్రైమరు, లప్పం పనులు మొదలుపెట్టాలి.

తలుపులు, కిటికీల పాత ఎనామిల్ గీకించేటప్పుడు పిల్లలున్న ఇళ్ళవారు తప్పనిసరిగా జాగ్రత్త పడాలి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు మించకూడదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు ముందరి పూతల్లో అది ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకితే ఆ దుమ్ము గాలిలో కలుస్తుంది కాబట్టి తడిపి గరుకు కాగితంతో రుద్దించి, ఆ రోజుల్లో పిల్లలను వేరే గదిలో ఉంచాలి.

లెక్క కూడా చెబుతాను. పది అడుగుల ఎత్తుతో నాలుగు గోడలూ 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 400. అందులో హైలైట్ గోడ 100. లీటరు ఎమల్షన్ రెండు కోటింగులకు దాదాపు 120 చదరపు అడుగులకు వస్తుందనుకుంటే, లేత రంగు రెండున్నర లీటర్లు కావాలి. ముదురు రంగుకు మాకు మూడో కోటింగు అవసరమైంది, కనుక ఆ ఒక్క గోడకే లీటరుంబావు పట్టింది. యంత్రంలో కలిపే షేడ్లలో ఒకసారికీ మరొకసారికీ సన్నని తేడా వస్తుంది. అందువల్ల ఒక గోడకు కావలసినదంతా ఒకేసారి కలిపించుకుని, డబ్బా మూత మీది షేడ్ సంఖ్యను రాసి పెట్టుకుని, మిగిలిన రంగును మూత బిగించి అటక మీద భద్రపరచుకోవాలి.