అగ్రిమెంట్ కేసు ఓడిపోయి అప్పీల్‌కు పోయినం, నా అనుభవం

హసన్‌పర్తి దిక్కు 200 గజాల ప్లాటుకు మా బాపు అగ్రిమెంట్ రాయించుకుని బయానా ఇచ్చిండు, ఆరు నెలల్ల మిగతా పైసలు ఇచ్చి రిజిస్ట్రేషన్ చేసుకునుడు. అంతల రేట్లు పెరిగినయి, అమ్మినాయన ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. గడువు దాటినంక మూడేండ్లలోపే కేసు వేయాలె గనుక నోటీస్ ఇచ్చి హన్మకొండ కోర్టుల వేసినం.

ఓడిపోయినం. సంతకం ఆయనదే, అగ్రిమెంట్ నిజమే అని జడ్జిమెంట్‌లనే ఉన్నది, కానీ మిగతా పైసలు మా దగ్గర రెడీగా ఉన్నట్టు రుజువు లేదట, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 16(సి) అట, బయానా వాపస్ తీసుకోండి అన్నరు. నేనేమో సంతకం నాది కాదన్న ఆయన అబద్ధం బయటపెడితే గెలిచినట్టే అనుకున్న.

బతుకమ్మ అయినంక చూద్దాం తియ్ అన్నడు బాపు. నేను ఆగలే. జిల్లా కోర్టుకు అప్పీల్ గడువు 30 రోజులే, తీర్పు సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందుల లెక్కలోకి రావు గాని కాపీకి మనం అప్లికేషన్ పెడితేనే కదా. ఇంకోటి, అప్పీల్ వేస్తే అన్నీ ఆగిపోతయి అనుకోవద్దు. ఎవరో వచ్చి ప్లాటు కొలుస్తున్నరని పక్కాయన చెప్పంగనే అమ్మకుండా ఆర్డర్ కోసం వేరే పిటిషన్ వేసినం.

కాపీ వచ్చినంక పెన్ను పట్టుకుని మూడుసార్లు చదివిన. మిగతా పైసలు ఎఫ్‌డీల ఉన్నట్టు చూపే బాపు బ్యాంక్ పాస్‌బుక్ ఎగ్జిబిట్ ఏ-7గా, అంటే మా దిక్కు సాక్ష్యం కాయితంగా, అప్పుడే మార్క్ అయి ఉన్నది, తీర్పుల దాని గురించి ఒక్క ముక్క లేదు! కొత్త వకీల్ సాబ్ మొహం వెలిగింది. అప్పీల్‌ల కొత్త కాయితాలు పెట్టుడు కష్టమట, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 27 కింద కారణం చూపియ్యాలె, ఫైల్‌ల ఉన్నదాన్ని మాత్రం జడ్జి మళ్ల మొత్తం చూడొచ్చు. హైకోర్టుల సెకండ్ అప్పీల్ అట్ల కాదు, లా పాయింట్ ఉంటేనే.

ఆ పైసల మీద ఇంట్ల ఎన్ని లొల్లులు అయినయో. చెల్లె పెళ్లికి అప్పు తెచ్చినం గాని బాపు ఆ ఎఫ్‌డీ ముట్టనియ్యలే, అప్పుడు నేనే తిట్టిన.

వాయిదాలు చాన అయినయి, అవి చెప్పుకుంటే ఒడువదు. చివరికి అప్పీల్ ఒప్పుకున్నరు, మిగతా పైసలు రెండు నెలల్ల కోర్టుల కట్టమన్నరు. ఆయన రాకుంటే కోర్టే రిజిస్ట్రేషన్ చేయిస్తదట. మూడో రోజే కట్టినం, బాపు ఆ చలాన్‌కు ఐదు జిరాక్సులు తీయించి పాస్‌బుక్‌ల పెట్టుకున్నడు.