ఐదింటి పాట

మేం ఉండేది టోక్యోలో, ఎదొగావా వార్డులోని నిషి కసాయి. ఇక్కడ మనవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి కందిపప్పుకీ చింతపండుకీ లోటు లేదు. నాకు మొదట్లో లోటుగా అనిపించింది చప్పుడు. తెనాలిలో మా ఇంటికి రెండు వీధుల అవతల గుడి. తెల్లవారుజామున మైకులో సుప్రభాతం మొదలైతే అమ్మ లేచి వాకిలి ఊడ్చేది. ఇక్కడ రైల్లో కూడా ఎవరూ గట్టిగా మాట్లాడరు. పాప పుట్టాక, ఆయన ఆఫీసుకి వెళ్లిపోతే, పొద్దస్తమానం ఇంట్లో నా గొంతు నాకే వినిపించేది.

ఆ రోజుల్లో సాయంత్రం ఐదయ్యేసరికి బయట స్తంభం మీది మైకులోంచి ఒక పాట వచ్చేది. మాటలుండవు, గంటలు మోగించినట్టు వరస ఒక్కటే. ఎంతోసేపు ఉండదు. దూరంగా ఉన్న ఇంకో మైకులోంచి అదే వరస కాస్త ఆలస్యంగా వినబడి, రెండూ ఒకదాని మీద ఒకటి అలల్లా వచ్చేవి. పార్కులో పిల్లలు ఊయలలు వదిలేసి సైకిళ్లెక్కేవాళ్లు. ఏడుస్తున్న పాప ఠక్కున ఆపేసి కిటికీ వైపు చూసేది. అది ఏం పాటో రెండేళ్లపాటు నాకు తెలీదు.

తెలిసింది ఇంకో పాట వల్ల. 2022 అక్టోబరులో ఆర్‌.ఆర్‌.ఆర్‌. ఇక్కడ విడుదలై బాగా ఆడింది. పాపని దింపే హొయికుయెన్ (పగలంతా చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) గేటు దగ్గర ఒకావిడ నన్ను ఆపి, "నాటు అంటే ఏంటి?" అని అడిగింది. సినిమా మూడుసార్లు చూసిందట. నాకు వచ్చిన జపనీస్‌లో పల్లెటూరిది అన్నాను, మోటు అన్నాను. ఏదీ సరిపోలేదు. చివరికి నాటుకోడి గుర్తొచ్చింది. ఇక్కడ దాన్ని జిదోరి అంటారు. 'దోరి' అంటే కోడి, ముందున్న 'జి' అంటే నేల. "ఆ 'జి'యే మా నాటు" అన్నాను. ఆవిడ నవ్వుతూ రెండు చేతులూ పట్టేసుకుంది.

అప్పుడు నేనూ అడిగాను, ఐదింటికి వచ్చే పాటేంటని. యుయాకె కొయాకె. 1923లో అచ్చయిన పిల్లల పాటట. పొద్దు గుంకింది, కొండ మీద గుడిలో గంట మోగుతోంది, చేతులు పట్టుకుని ఇళ్లకు పోదాం, కాకులూ మనతో వస్తాయి అని దాని భావం. అసలు ఆ మైకులు పెట్టింది పాటల కోసం కాదు, భూకంపాలప్పుడూ వరదలప్పుడూ జనాన్ని హెచ్చరించడానికి. పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసుకోవాలి కదా, అందుకని ఒక పాట వేస్తారు. ఎంత మంచి ఆలోచన! ఆపదలో అరవాల్సిన గొంతు, మామూలు రోజుల్లో పిల్లల్ని ఇంటికి పిలుస్తోంది.

ఆ వారమే ఆ వరసకి నా మాటలు కట్టుకున్నాను. కాకమ్మ గూటికి పోయింది రా, పప్పన్నం కలిపాను రా, అలా. మాకు ఐదంటే తెనాలిలో మధ్యాహ్నం ఒకటిన్నర. అమ్మ అన్నం తిని వీడియో కాల్ చేసే వేళ. రోజూ వినీ వినీ అమ్మకీ వచ్చేసింది.

పోయిన ఆగస్టులో తెనాలి వెళ్లాం. ఒకరోజు చీకటి పడుతున్నా పాప వాకిట్లోంచి కదలదు. దోమలు కుడుతున్నాయి, ఎదురింటి పిల్లాడితో కలిసి మట్టిలో ఏదో కడుతోంది. మూడుసార్లు పిలిచాను. "ఇంకా పాట రాలేదుగా" అంది, తల ఎత్తకుండానే.

అమ్మ పమిటకి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, నా మాటల్నే తన రాగంలో అందుకుంది. పాప మట్టి దులుపుకుని లోపలికి వచ్చేసింది. ఎదురింటి పిల్లాడు కూడా లేచి వాళ్లింటికి వెళ్లిపోయాడు.