తెలిసిన ఒక్క ముహూర్తం

భాగవతం ద్వితీయ స్కంధం మొదటి అధ్యాయంలో శుకమహర్షి పరీక్షిత్తు మహారాజుతో అన్న శ్లోకం ఇది.

కిం ప్రమత్తస్య బహుభిః పరోక్షైర్హాయనైరిహ
వరం ముహూర్తం విదితం ఘటతే శ్రేయసే యతః

ఏమరుపాటుగా ఉన్నవాడికి తనకు తెలియకుండానే జారిపోయే ఏళ్ళు ఎన్ని ఉంటే ఏం లాభం? తెలిసి గడిపే ఒక్క ముహూర్తం మేలు, అందులోనైనా తన శ్రేయస్సు కోసం ప్రయత్నిస్తాడు గనుక. ముహూర్తమంటే రెండు ఘడియలు, మన లెక్కలో 48 నిమిషాలు.

ఈ మాట వింటున్నది ఎవరో చూడండి. శమీక మహర్షి ధ్యానంలో ఉండి పలకలేదని, దాహంతో వచ్చిన కోపంలో ఆయన మెడలో చచ్చిన పామును వేశాడు పరీక్షిత్తు. మహర్షి కొడుకు శృంగి, ఏడో రోజున తక్షకుడనే సర్పరాజు కాటేస్తాడని శపించాడు. ఆ కబురు తెలిసి రాజు శాపం తప్పించుకునే దారి వెతకలేదు. సంసారంలో కూరుకుపోయిన తనకు వైరాగ్యం కలగడానికి ఇదే మంచిదనుకున్నాడు. రాజ్యం కొడుక్కి అప్పగించి, గంగ ఒడ్డున దర్భల మీద ఉత్తరముఖంగా కూర్చున్నాడు. చావబోయే మనిషి ఏం చేయాలని శుకుణ్ణి అడిగాడు.

శుకుడు అతణ్ణి ఓదార్చలేదు. ఖట్వాంగుడి సంగతి చెప్పాడు. సూర్యవంశపు రాజు ఆయన. దేవతల తరఫున యుద్ధం చేసి గెలిపించాడు. తన ఆయుష్షు ఇక ఒక్క ముహూర్తమే మిగిలిందని తెలిసింది. వరమిస్తామన్నా కోరలేదు. గబగబా తన ఊరికి వచ్చి, అన్నీ వదిలేసి, మనసును హరి మీద నిలిపాడు. ఆ ముహూర్తం ఆయనకు సరిపోయింది. 'నీకింకా ఏడు రోజులుంది కదా' అన్నాడు శుకుడు. చావు ముంగిట్లో ఉన్నవాడితో అన్న ఆ మాటలో ఎంత కరుణ ఉందో!

శ్లోకంలో నేను ఎప్పుడూ ఆగిపోయేది 'పరోక్షైః' అన్న మాట దగ్గర. పరోక్షం అంటే కంటికి ఆననిది. మన ఏళ్ళన్నీ మన కళ్ళముందే, మనం చూడకుండా పోతాయన్నమాట.

మూడేళ్ళ క్రితం నాన్న ఐసీయూలో ఉన్నారు. సాయంత్రం ఒక్కరిని, పది నిమిషాలు మాత్రమే లోపలికి పంపేవాళ్ళు. ఆ పది నిమిషాల్లో ఫోన్ తీయాలని ఒక్కసారీ అనిపించలేదు. మంచం పక్కన నిలబడి ఆయన పాదాలు పట్టుకునేవాణ్ణి. ఎడమ కాలి బొటనవేలి గోరు కాస్త వంకరగా ఉంది. మడమ మీద పాత మచ్చ ఒకటి. చిన్నప్పటినుంచీ నేను దణ్ణం పెట్టిన పాదాలే అవి. చూడటం మాత్రం అప్పుడే.

నాన్న కోలుకుని ఇంటికొచ్చారు. నెల తిరక్కముందే నేను మళ్ళీ ల్యాప్‌టాప్‌లో తల పెట్టి ఆయన మాటలకు ఊఁ కొట్టడం మొదలుపెట్టాను. భయం తగ్గగానే ఎరుక కూడా పోయింది. చావు గుర్తొచ్చి పడే టెన్షన్ వేరు, శుకుడు చెప్పిన 'విదితం', అంటే తెలిసి ఉండటం, వేరు అని అప్పుడు అర్థమైంది. టెన్షన్‌తో అది చేయాలి, ఇది చూడాలి అని పరుగెడతాం. పరీక్షిత్తు కదలకుండా కూర్చుని విన్నాడు. గృహస్థుల ఇళ్ళ దగ్గర ఆవు పాలు పితికేంత సేపు కూడా నిలవని శుకుడు, అతని కోసం ఆ ఏడు రోజులూ కూర్చుండిపోయాడు.

ఇప్పుడు సాయంత్రం ఒక్క ముహూర్తం పక్కన పెట్టుకున్నాను. సగం నామానికి, సగం నాన్నకి. ఫోన్ వేరే గదిలో ఉంటుంది. మొదటి రోజు వెళ్ళి మంచం దగ్గర నిలబడితే, "ఏరా, ఏమైనా పనుందా?" అన్నారు.

"ఏం లేదు నాన్నా, ఊరికే."

ఆయన కాళ్ళు ముడుచుకుని, కూర్చోమని చోటిచ్చారు.